బావగారి చేతులు

ఆ సంగతి గురించి కలిదిండి నుంచి ఉంగుటూరు దాకా మా బంధువులంతా మాట్లాడుకున్నారు. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఏం జరిగిందని గానీ, ఆ తర్వాత నేనెలా ఉన్నానని గానీ. మా తమ్ముడు అసలే అడగలేదు. ఎవరు అడగలేదో నాకు బాగా గుర్తు. అందుకే నేనే రాస్తున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో పనిచేస్తాను. ఒకసారి మిల్లు వాళ్లు మమ్మల్ని కొందరిని ప్రథమ చికిత్స శిక్షణకు పంపారు. బల్ల మీద నడుము దాకా ఉన్న రబ్బరు బొమ్మను పెట్టారు. మనిషి పలకక, ఊపిరి కూడా ఆడకపోతే, రొమ్ము మధ్యన అరచేతులు ఒకదాని మీద ఒకటి ఉంచి, మోచేతులు వంచకుండా, గట్టిగా, వేగంగా నొక్కాలని, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదని నేర్పారు. నేను నొక్కుతుంటే, "వడ్లు దంచుతున్నారేంటండీ, నెమ్మది, ఇది మన మిల్లు కాదు" అని ఒకాయన నవ్వించాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం సరిగ్గా నేర్చుకున్నాను. కానీ ఆ బొమ్మకు చీర లేదు, మెడలో పసుపుతాడు లేదు, నాతో వరస లేదు.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు. మాట్లాడవలసి వస్తే తలుపు చాటునుంచి పిల్లలతో చెప్పిస్తుంది. నేను వెళ్లినప్పుడల్లా మా మరదలు, "పెదనాన్నగారికి కాఫీ ఇవ్వు" అని కూతురితో అనడం వినిపించేది గానీ, ఆవిడ ముఖం నేను సరిగ్గా చూసింది లేదు. నేను కూడా పక్కకు తిరిగే నడిచేవాణ్ని. చెయ్యి తగలడమన్న మాటే లేదు.

తమ్ముడు కలిదిండి దగ్గర రొయ్యల చెరువు చేస్తున్నాడు. సెలవు రోజున చూసి వద్దామని వెళ్లాను. వాన అప్పుడే వెలిసింది. మరదలు భోజనం క్యారేజీ పట్టుకుని గట్టు మీద వస్తూ, కాలు జారి, నీళ్లు చిలికే ఏరేటరు తీగ ఉన్న ఇనుప స్తంభాన్ని పట్టుకుంది. అంతే, బిగుసుకుపోయింది. తమ్ముడు ఆవిణ్ని లాగబోయాడు. ముట్టుకోవద్దని అరిచి, షెడ్డులోకి పరుగెత్తి మెయిన్ ఆపాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ బురదలో పడి ఉంది. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు.

తమ్ముణ్ని అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమన్నాను. పక్క చెరువు దగ్గర పనిచేసే ఆడవాళ్లు వచ్చి అరికాళ్లూ అరచేతులూ రుద్దడం మొదలుపెట్టారు. నేను పైట పక్కకు లాగి, మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాను.

"అయ్యో, మీరు బావగారండీ. చెయ్యి వెయ్యకూడదండీ" అంది వాళ్లలో పెద్దావిడ.

"అయితే మీరు రండి. ఎలా నొక్కాలో చూపిస్తాను" అన్నాను, ఆపకుండానే. ఎవరూ రాలేదు.

"ఊరి ఆసుపత్రి నర్సమ్మకి కబురెట్టామండీ. ఆవిడొచ్చేదాకా ఆగండి."

"నేనాగుతానండీ. ఈవిడ ఆగదు."

చేతుల కింద ఎముక కటుక్కుమంది. అలా జరగవచ్చని శిక్షణలో చెప్పారు కాబట్టి ఆపలేదు. తలెత్తి చూస్తే తమ్ముడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మాకు వీపు తిప్పి, చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ వీపు నేను మరిచిపోలేదు.

అంబులెన్స్ గట్టు మీదుగా వచ్చింది. యూనిఫాం వేసుకున్న కుర్రవాడు దిగి, కత్తెరతో రవిక నిలువునా కోసి, రొమ్ము మీద గుండెకు షాక్ ఇచ్చే యంత్రం అట్టలు అతికించాడు. ఒక్కరూ ఏమీ అనలేదు. అతను పరాయివాడు. నేను బావగారిని. "బాగా నొక్కారండీ, ఇక తప్పుకోండి" అన్నాడు. ఈ వ్యవహారంలో నాకు దక్కిన మంచిమాట అదొక్కటే.

ఏలూరు ఆసుపత్రిలో మరదలు బతికింది. నేను చూడ్డానికి వెళ్తే, ఆవిడ తల్లి మంచం చుట్టూ కర్టెన్ లాగేసింది. బెంచీ మీద కూర్చున్న వాళ్లు జరిగి చోటివ్వలేదు. "మీద కూర్చుని ఎముకలు విరగ్గొట్టాడంట" అన్న మాట నాకు వినిపించేలాగే అన్నారు. మా ఊరి టీ కొట్టు దగ్గర ఒకాయన, "డాక్టరు గారూ, నాకూ కాస్త గుండె దడగా ఉందండీ, నొక్కుతారా?" అన్నాడు. ఇంకొకాయన, "మనకు నొక్కరు లెండి, ఆడవాళ్లకే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ కొట్టులో టీ తాగలేదు.

కోపం వాళ్ల మీద. సిగ్గు మాత్రం నాకే. అన్నం కలుపుకుంటుంటే నా భార్య నా చేతుల వంక చూస్తోందేమో అనిపించేది. "బతికింది కదండీ, ఇంకేం కావాలి" అని ఆవిడ ఒక్కసారి అంది, తర్వాత ఆ మాట ఎత్తలేదు. బస్సులో పక్కన ఆడమనిషి నిలబడితే చేతులు కట్టుకుంటున్నాను. తప్పు చెయ్యలేదని తెలుసు. తెలిసినా ఆ బురద గట్టు మీద అందరి ముందు నేను కనిపించిన తీరు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను. మరదలు నేనున్నంతసేపూ పక్కింట్లోనే ఉండిపోయింది. కాఫీ ఇమ్మన్న మాట ఈసారి తలుపు చాటునుంచి కూడా రాలేదు. నాకు కుర్చీ వేసింది ఎంగిలి ప్లేట్ల తొట్టి పక్కన. ఆ సంగతి ఎత్తబోతే తమ్ముడు, "వదిలెయ్ అన్నయ్యా, నలుగురూ ఉన్నారు" అన్నాడు.

మొన్న ఆదివారం చెరువుల వాళ్లు నన్ను పిలిచారు. పెదపాడు వైపు ఒక చెరువు దగ్గర కూలీ ఒకతను కరెంటు కొట్టి పోయాడు. అందుకని మాకూ నేర్పండి అన్నారు. మేత గోడౌనులో, సగం నిండిన మేత బస్తాను మనిషిలా పడుకోబెట్టి చూపించాను. వెనుక వరసలో తమ్ముడు కూర్చున్నాడు. ముందున్న రైతు ఒకాయన అడిగాడు.

"ఆడమనిషైతే ఎలాగండీ? వరసలుంటాయి కదండీ."

అందరూ ఒకసారి నన్ను, ఒకసారి తమ్ముణ్ని చూశారు. నేను తమ్ముడి కోసం ఆగాను. వాడు లేచి, పంచె దులుపుకుని, "మోటారు చూసొస్తాను" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. నొక్కమని చెప్పడానికి నా నోరు రాలేదు. భార్య బతికిన మనిషే లేచి వెళ్లిపోతే, ఇంకొకరి ఇంటి ఆడవాళ్ల గురించి నేనేమని చెప్పగలను? మిగతాది మరోసారి చూద్దామని చెప్పి అందర్నీ పంపేశాను. నా బతుకులో అంత చిన్నబోయిన రోజు లేదు.

వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నారు. ఆయన మళ్లీ అదే అడుగుతాడు. తమ్ముడూ, ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. ఆ రోజు నేను నీ భార్య మీద చెయ్యి వెయ్యవలసిందా, ఆవిణ్ని ఆ బురదలో అలాగే వదిలెయ్యవలసిందా? మోటారు చూసొస్తానని లేచి వెళ్లిపోవడం జవాబు కాదు. ఆదివారంలోగా, నాకు, నీ నోటితో చెప్పు.