ఆపా వేసిన కచ్చా కుట్టు

లైటర్ మంట తగిలి నైలాన్ తొడుగు కొస కరిగేటప్పుడు ఒక వాసన వస్తుంది. పూజ దగ్గర చీర కొంగు మీద అగరుబత్తి నిప్పు పడ్డప్పుడు వచ్చే వాసన అది. ఈ ఉదయం అమీర్‌పేటలో మా ఇంటి బాల్కనీలో కూర్చుని ఒక తీగ కొసను కరిగిస్తుంటే ఆ వాసన మళ్ళీ ముక్కుకు తగిలింది. వెంటనే నాలో గౌరవం పొంగిందనో, కళ్ళు చెమర్చాయనో రాస్తే అబద్ధమవుతుంది. మొదట పొంగింది అసూయ. ఆ వెనకాలే షాహీన్ ఆపా ముఖం గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ వరుస మారలేదు.

నేను చేసే పని గురించి ముందు చెప్పాలి. ఇప్పటి కంప్యూటర్ డబ్బాలకు ఒక పక్క అద్దం ఉంటుంది. లోపల రంగు దీపాలు వెలుగుతుంటే, పవర్ సప్లై నుంచి వచ్చే తీగలు చింపిరి జుట్టులా వేలాడడం షోకు మనుషులకు నచ్చదు. అందుకని ఒక్కో తీగనూ ప్లగ్గులోంచి ఊడదీసి, దానికి అల్లిక ఉన్న నైలాన్ తొడుగు ఎక్కించి, కొసలు కరిగించి అతికి, మళ్ళీ దాని గడిలో దాన్ని కూర్చోబెట్టాలి. పెద్ద ప్లగ్గుకు ఇరవై నాలుగు గడులు. వారమంతా కంప్యూటర్ల షాపులో ఉద్యోగం చేసి, ఆదివారాలు ఇంట్లో ఈ పని పెట్టుకున్నాను. మొదట్లో మూడు వారాల పాటు వీడియోలు చూసి నేర్చుకున్నాను. అమీర్‌పేటలో ఈ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా నమ్మకం.

షాహీన్ ఆపా మా బిల్డింగులోనే కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క; బిల్డింగంతా ఆమెను అలాగే పిలిచేది. చుట్టూ ఉన్న హాస్టళ్ళ ఆడపిల్లల డ్రెస్సులన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళేవి. ఒక ఆదివారం ఉదయం, కుట్టిన జాకెట్టును మా ఆవిడ సుజాతకు ఇవ్వడానికి ఆపా పైకి వచ్చింది. నేను అప్పుడు తీగతో కుస్తీ పడుతున్నాను. తొడుగు సగం దూరం పోయి బిగుసుకుపోయింది. ఎంత లాగితే అంత మొండికేస్తోంది. ఆపా చాయ్ గ్లాసు పట్టుకుని కాసేపు చూసింది.

"గట్ల గుంజకు తమ్ముడూ. గుంజితే ఇంక బిగుసుకుంటది. లంగాకు బొందు ఎక్కిస్తరు చూడు, గట్ల చెయ్యాలె. గుడ్డను దగ్గరకు జరుపుకుంట పో."

"ఇది లంగా బొందు కాదు ఆపా, కరెంటు తీగ" అన్నాను, కాస్త విసురుగానే.

ఆమె గ్లాసు కింద పెట్టి, నా చేతిలోంచి తీగ తీసుకుని, తొడుగును వేళ్ళతో కుప్పగా జరిపింది. అల్లిక నోరు తెరిచినట్టు వెడల్పయింది. తీగ సర్రున దూరిపోయింది. సుజాత నవ్వు ఆపుకోలేదు. "మీరు మూడు వారాల సంది గుంజుతున్నరు. ఆపా చాయ్ చల్లారకముందే ఎక్కిచ్చింది" అంది. పుండు మీద కారం చల్లడంలో మా ఆవిడకు ఎవరూ సాటి రారు.

ఆ రోజు నుంచి ఆదివారాలు ఆపా కూడా వచ్చి కూర్చునేది. సాయమనే పేరుతో నేనే పిలిచాను. నిజానికి ఆమె వేళ్ళు నాకు కావాలి. పొగడ్త మాత్రం నా దగ్గరే ఉండాలి. ఏకై వచ్చిన మనిషి మేకై కూర్చోవడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. కేబుల్ వంపు తిరిగే చోట పైతీగ కాస్త పొడుగ్గా, లోపలి తీగ కాస్త పొట్టిగా ఉంటేనే అన్నీ ఒక్క వరుసలో నిలబడతాయని ఆమె కనిపెట్టింది. "చంక కాడ బట్ట ఎక్కువ ఇడుస్తం గదా" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలాగా. నేను చూసిన ఏ వీడియోలోనూ ఆ ముక్క లేదు.

పంజగుట్టలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కిరణ్ గారని నాకు పాత ఖాతాదారు ఒకాయన ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఒకసారి తన కంప్యూటర్ మిషను తీసుకోవడానికి వచ్చి, అద్దంలోంచి కేబుళ్ళను చాలాసేపు చూశాడు. "ఏంటండీ ఇది, జడ అల్లినట్టుంది! ఇవి మీరు చేసినవి కాదు కదా?" అన్నాడు. నేను అద్దం మీద లేని మరకను తుడవడం మొదలుపెట్టాను. లోపల్నుంచి సుజాత "కింద ఆపా చేసింది సార్" అని అరిచింది. ఆయన ఆపా నంబరు అడిగి తీసుకున్నాడు. నేను నవ్వుతూనే ఇచ్చాను. కడుపులో మాత్రం కుంపటి రాజుకుంది.

మరునాడు షాపుకు సెలవు పెట్టి నేనొక పని చేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆపా ముగించి పెట్టిన ఒక కేబుల్‌ను విప్పాను. స్టేప్లర్ పిన్నులు దూర్చి ఒక్కో తీగనూ ఊడదీసి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని భూతద్దం పెట్టి వెతికాను. ఎక్కడా దొరకలేదు. సరేనని మళ్ళీ కూర్చితే మునుపటిలా రాలేదు. రెండు తీగలు పక్కవాటి మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఆదివారం ఆపా దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒక్కసారి తడిమి, "దీన్నెవరో ఇప్పి కట్టిండ్రు" అంది. ఎవరని అడగలేదు. ఆ రెండు తీగలూ సరిచేసి పక్కన పెట్టింది. నేను తరువాతి తీగకు తొడుగు వెతుక్కున్నాను.

ఇంత జరిగినా నా దగ్గర ఒక రహస్యం మిగిలే ఉంది. పవర్ సప్లైలు చాలా కంపెనీలు చేస్తాయి. కేబుల్‌కు ఒక కొస కంప్యూటర్లో దూరుతుంది, అది అన్నింటికీ ఒకటే. రెండో కొస పవర్ సప్లైలో దూరుతుంది. అక్కడ ఏ గడిలో ఏ తీగ ఉండాలన్నది కంపెనీకొక రకం. చిక్కేమిటంటే, ఒకదాని ప్లగ్గు ఇంకొకదాంట్లో కూడా శుభ్రంగా దూరుతుంది. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. స్విచ్ వేయగానే హార్డ్ డిస్కులు కాలిపోతాయి. తీగలకు తొడుగు వేశాక అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి చూపుకు తప్పు అందదు. నేను ఆపాకు ఇచ్చినవన్నీ ఒకే కంపెనీవి. ఆ వరుస ఆమెకు కంఠతా వచ్చేసింది. వేరే వరుసలు ఉంటాయని నేను చెప్పలేదు. అది మరుపు కాదు. చెప్పబోయి రెండుసార్లు నోరు మూసుకున్నాను. ఆ ఒక్కటీ చెప్పేస్తే ఇక నేనెందుకు అనిపించేది.

ఒక శనివారం మధ్యాహ్నం షాపు నుంచి భోజనానికి వస్తుంటే ఆపా మెట్ల దగ్గర పిలిచింది. చేతిలో మెరూన్ రంగు కేబుల్ ఉంది. "కిరణ్ బాబు ఇంకో మిషినుకు. పొడుగు, రంగు చెప్పిపోయిండు. నీకు చేసినట్టే చెయ్యమన్నడు. ఎట్లుంది?"

ఆ రెండో మిషన్‌ను బిగించింది నేనే. దాంట్లో ఉన్నది వేరే కంపెనీ పవర్ సప్లై. ఆ సంగతి కేబుల్ పట్టుకున్న మరుక్షణమే నాకు తెలిసింది. ఆయన ఎడిట్ చేయాల్సిన పెళ్ళిళ్ళన్నీ ఉండేది ఆ మిషన్‌లోనే. ఇంకా ఇవ్వని వీడియోలు, రెండోసారి తీయలేని తాళిబొట్లు, అప్పగింతలు. నాలుక చివరిదాకా వచ్చింది మాట.

"బాగుంది ఆపా" అని పైకి వచ్చేశాను.

అన్నం ముందు కూర్చున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె చేతి పని తప్పిందని అందరికీ తెలిస్తే చాలు అని నాలో ఎవడో లెక్కలు వేస్తున్నాడు. వాడెవడో కాదు, నేనే. రెండు ముద్దలు తిని, మూడోది కంచంలోనే వదిలేశాను. లేచి చెయ్యి కడుక్కున్నాను. కిందికి పరిగెత్తేసరికి ఆపా గది తాళం వేసి ఉంది. "సారు ఇప్పుడే వచ్చి తీస్కపోయిండు, ఆపా నమాజుకని పొరుగింటికి పోయింది" అంది సుజాత పైనుంచి. కిరణ్ గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి మీద ఉన్నట్టున్నాడు. స్కూటర్ తీశాను. అమీర్‌పేట నుంచి పంజగుట్ట ఎంత దూరమని? ఆ శనివారం మాత్రం మెట్రో పిల్లర్లు ఎంతకీ తరగలేదు. చౌరస్తా దగ్గర ఎర్ర దీపం కింద నిలబడి, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

మెట్లెక్కి స్టూడియో తలుపు తోసేసరికి మిషను అద్దం తీసి ఉంది. కిరణ్ గారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కేబుల్ ఆయన ఒళ్ళో ఉంది.

"మీకే ఫోన్ చేయబోతున్నానండీ. ఇదేంటో చూడండి. ఈ దారం మీరు తప్ప ఎవరూ తెంపకూడదని ఆపా మరీ మరీ చెప్పారు" అన్నాడు.

ప్లగ్గు మూతి మీద అడ్డంగా, వెనక తొడుగుల అల్లికలోంచి తీసిన తెల్ల దారంతో నాలుగు పొడుగు కుట్లు ఉన్నాయి. దర్జీలు అసలు కుట్టు వేసే ముందు, మనిషికి తొడిగి చూడడానికి వేసే కచ్చా కుట్టు. మెట్ల దగ్గర నేను చూసినప్పుడు అది లేదు. నేను పైకి పోయాక వేసి ఉంటుంది. దారం ఉండగా ప్లగ్గు దూరదు. దారానికి ఒక చీటీ వేలాడుతోంది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన ఆపా గుండ్రటి అక్షరాలు: "కచ్చా కుట్టు. శేఖర్ తమ్ముడు చూసినంకనే పెట్టాలె." నా పేరుకు ముందు పెన్ను కాసేపు ఆగినట్టుంది. అక్కడ నీలి సిరా చుక్క ఒకటి కాగితంలోకి ఇంకి ఉంది.

కేబుల్ వెనక్కి తెచ్చి ఆపా ముందు పెట్టాను. వరుసల సంగతి చెప్పాను. "మరిచిపోయాను ఆపా" అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "మరిచిపోలేదు. చెప్పలేదు" అన్నాను. ఆమె కుట్టుమిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీకు ఎర్క ఉన్నది ఏదో ఒకటి నాకు ఎర్క లేదని తెలుసు తమ్ముడూ. గదేందో తెల్వది. బాగుందని చెప్పి నువ్వు నా మొఖం చూడకుండ పోయినవ్. గందుకే కుట్టేసి నీ పేరు రాసిన."

"నేను పోకపోతే?"

"పోకుంటే దారం అట్లనే ఉంటుండె. మిషిన్‌కేమైతది?" అని, కొలతల పుస్తకం ముందుకు జరిపింది. "రెండు జాకిట్లు ఒక్క తీరుగనే కనపడ్తయ్. ఒకరి కొలత ఇంకొకరికి అయితదా? చెప్పు, రాస్త. ఏ కంపెనీది ఎట్లనో."

హాస్టల్ అమ్మాయిల భుజాలు, నడుముల కొలతల వెనక పేజీల్లో ఆ సాయంత్రం మేమిద్దరం గడులు గీసుకున్నాం. ఆ తరువాత ఆమె చేసిన ఏ కేబుల్‌లోనూ తప్పు రాలేదు. నా కడుపుమంట తగ్గిందని చెప్పను. ఇదివరకు ఆమె వేళ్ళను చూసి ఏడ్చేవాణ్ణి. ఆ రోజు నుంచి, ఓర్వలేనివాడి పేరును అలా నమ్మకంగా రాయగలిగిన ఆ గుండెను చూసి ఏడ్చాను. ఇది ఇంకా పెద్ద ఏడుపు.

తరువాత కొన్నేళ్ళకు ఆపా కళ్ళకు మసక కమ్మింది. మాసబ్ ట్యాంక్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతూ కొలతల పుస్తకం నా చేతిలో పెట్టింది. గత చలికాలంలో ఆపా చనిపోయింది. నేను ఇప్పటికీ ప్రతి కేబుల్‌కూ కచ్చా కుట్టు వేస్తాను, చీటీ కడతాను. కాకపోతే ఆపా ఉన్నప్పుడు ఒకరి చీటీ మీద ఇంకొకరి పేరు రాసుకునేవాళ్ళం; ఆపా వెళ్ళిననాటి నుంచి నా చీటీ మీద నా పేరే రాసుకుంటున్నాను. నేను చేసినదాన్ని నేనే చూశానని. అది ఆపా నేర్పినది కాదని నాకు తెలుసు.

ఈ ఉదయం తీగ కొస కరిగించి, కేబుల్ ముగించి, దారం సూదిలోకి ఎక్కిస్తుంటే సుజాత వచ్చింది. ఆపా కొలతల పుస్తకం పక్కన పెట్టుకుని, ఏ తీగ ఏ గడిలో ఉందో పట్టిచ్చే మీటరు ముల్లును ఒక్కో గడికీ తాకించింది. ఆపా దగ్గర ఎప్పుడు నేర్చుకుందో ఏమో, నాకు ఒక్కనాడూ చెప్పలేదు. నేనూ ఒక్కనాడూ ఆమెను ఈ తీగలు ముట్టనివ్వలేదు. "మూడోది, ఏడోది తారుమారైనయ్. చూస్కోండ్రి" అని చెప్పి వంటింట్లోకి పోయింది. చూస్తే నిజమే. కడుపులో అదే కుంపటి, అదే చోట రాజుకుంది.

తీగలు మార్చాను. కుట్టు వేశాను. చీటీ తీసుకుని "కచ్చా కుట్టు" అని రాసి, ఆ తరువాత రాయవలసిన పేరు దగ్గర పెన్ను ఆపాను. చాలాసేపే ఆపినట్టున్నాను. "సుజాత చూశాకే పెట్టాలి" అని పూర్తిచేసి చూస్తే, ఆమె పేరుకు ముందు కాగితంలోకి ఇంకిన నీలి చుక్క ఒకటి ఉంది.