ఒడ్డుకు రాని వల

లూపర్ అంటే కాలితో తొక్కే చిన్న పెట్టె. మీటిందీ పాడిందీ పట్టుకుని, మనం ఆపేదాకా మళ్ళీ మళ్ళీ వినిపిస్తూనే ఉంటుంది. అది చేతికొచ్చాక నాకింక పక్క వాయిద్యాలతో పనేముందనిపించింది. అంత పొగరు నాది.

ఆ వేసవిలో యారాడ ఒడ్డున పెద్ద వల లాగుతుంటే వెళ్ళాను. ముందు నిలబడి పిలుపు ఇచ్చే ముసలాయన గొంతు గులకరాళ్ళు రాసుకున్నట్టుండేది. ఆయన పిలవాలి, వెనకవాళ్ళు "ఐలేసా" అంటూ లాగాలి. పిలుపు వినిపిస్తున్నంతసేపూ ఎవరూ తాడు వదలకూడదు, అదీ వాళ్ళ పద్ధతి. నాలుగు పిలుపులు పెట్టెలోకి ఎక్కించుకుని, చాల్లే అని వచ్చేశాను. వల ఒడ్డుకు చేరేదాకా కూడా ఉండలేదు.

రెండు నెలలకి ఆయన గుండె ఆగి పోయాడు. వాళ్ళావిడ ఫోన్ చేసింది. "ఆయన గొంతు నీకాడున్నాదట కదా బాబూ. ఒక్కపాలి ఇనిపించు." వాళ్ళింట్లో ఇంకెక్కడా ఆ గొంతు లేదట. నేనైనా ఓ కాపీ తీసి పెట్టుకున్నానా? బద్ధకం! పైగా ఇంటికెళ్ళి వినిపించాల్సింది పోయి, ఆదివారం మా లూపర్‌వాళ్ళ ప్రదర్శన ఉంది, అక్కడికి రమ్మన్నాను. జనం ముందు గొప్పకి. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వన్ టౌన్‌లో ఓ పాత గోడౌను మేడ మీద, మధ్యాహ్నం పూట. ముందుగా అనుకుని వాయించకూడదు, అప్పటికప్పుడు పుట్టించాలి. మద్దిలపాలెం అమ్మాయి ఒకతె స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి, దాన్నే పది గ్లాసులు చేసింది. స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఒకాయన తన వయొలిన్‌ని తానే వెంటాడాడు. ముసలాయన భార్య తన మరిదితోనూ, భర్తతో వల లాగిన మరో నలుగురితోనూ వచ్చి వెనక వరసలో కూర్చుంది.

నా వంతు వచ్చింది. తొక్కాను. పిలుపు, ఊపిరి. పిలుపు, ఊపిరి. దాని మీద గిటార్ అందుకున్నాను. కాసేపటికి వెనక నుంచి "ఐలేసా" అని వినిపించింది. ఆ ఐదుగురూ లేచి నిలబడి, పిడికిళ్ళు బిగించి, లేని తాడును లాగుతున్నారు. జనం ఒకటే చప్పట్లు. నేనూ ఉబ్బిపోయాను, ఖర్మ!

కానీ వాళ్ళు ఆగలేదు. చెమటలు కారుతున్నాయి. మరిది ఏడుస్తున్నాడు, చేతులు మాత్రం లాగుతూనే ఉన్నాయి. చప్పట్లు సన్నగిల్లాయి. నాకు భయం వేసింది. పోయినాయన చేత విరామం లేకుండా పిలిపిస్తున్నాను, ఆ వల ఎప్పటికీ ఒడ్డుకు రాదు.

ఆవిడ నా దగ్గరికి నడిచి వచ్చింది.

"ఆపీ బాబూ. ఎంతసేపని పిలుత్తాడు?"

"ఆపేస్తానమ్మా."

"ఆపితే మళ్ళీ తొక్కుతావు. తీసీ."

"తీసేస్తే ఇంకెక్కడా ఉండదమ్మా!"

"నాకు తెల్దేటి? ఇనీసినాను. సాలు."

పెట్టె మీద కాలు నొక్కి పట్టాను. అలా పడితే లోపలున్నది చెరిగిపోతుంది. దాని మీది ఎర్రదీపం ఆరిపోయింది. పిలుపు లేకుండానే ఐదుగురూ మరోసారి "ఐలేసా" అని లాగారు.

ఆవిడ వాళ్ళ వైపు తిరిగి గొంతెత్తింది.

"ఒడ్డుకొచ్చీసింది. ఒగ్గీండి."

అప్పుడు గాని వాళ్ళ పిడికిళ్ళు విడలేదు.