చల్లబడిన పాదం

ట్రాక్టర్ మీద నుంచి పడి మా తమ్ముడికి మోకాలి కీలు తప్పింది. ఆళ్లగడ్డలో కట్టు కట్టే ఆయన లాగి సరిచేశాడు. మరునాటికీ నొప్పి తగ్గకపోతే నంద్యాల బస్సెక్కాం.

ఎదుటి సీట్లో ఒకామె, ఆసుపత్రి ఆయా అట, వాడి పాదం తాకింది.

"ఇంత చల్లగుండాదేందన్నా?"

"వేడి దిగింది, మంచిదే గదమ్మా," అన్నాను. నా తెలివి అంతే.

ఆమె నా వేళ్లు పట్టుకుని వాడి మంచి పాదం మీద పెట్టింది. నాడి కొట్టుకుంటోంది. రెండో పాదం మీద పెట్టింది. ఏమీ లేదు.

"మోకాలెనక రక్తం పారే నరం తెగింటాది. నిన్నంతా ఏం చేస్తాంటిరన్నా?"

డాక్టరూ అదే అడిగాడు. నిన్ననే తెచ్చి ఉంటే కాలు దక్కేదట. తొడ దాకా తీసేశారు.

ఇప్పుడు ఊళ్లో ఎవరి మోకాలికి దెబ్బ తగిలినా ముందు పాదం పట్టి చూస్తాను. మా తమ్ముడు అరుగు మీద నుంచి అంటాడు: "నా కాలు పోతేగానీ మాయన్నకు ఈ విద్య రాలేదప్పా."