జడ్జి వదిలేసిన బంతి

వెన్సెస్లావో పెంబర్టన్ అని అతన్ని పాస్టరు పెళ్లినాడు పిలిచాడు. ఆ తర్వాత ఆ పేరుతో ఎవరూ పిలిచినట్టు లేదు. సాన్ పెద్రో ఊరి దగ్గర చక్కెర మిల్లు జట్టులో బేస్‌బాల్ ఆడినన్నాళ్లూ ఊరందరికీ అతను జడ్జి. విసిరేవాడి, అంటే పిచ్చర్ చేతిలోంచి బంతి వదలగానే దాని మీది ఎర్ర కుట్లు తిరిగే తీరు చూసి, అది ఎక్కడ పడేదీ తేల్చేసేవాడు. మంచి బంతయితే కొట్టేవాడు. చెడ్డదయితే, అంటే కొట్టే హద్దు దాటి వచ్చేదయితే, బ్యాట్ భుజం మీంచి దించేవాడు కాదు; అలాంటివి నాలుగు పడితే మొదటి బేస్ ఊరికే దక్కుతుంది. జడ్జి వదిలేశాడంటే అది చెడ్డ బంతేనని అవతలి జట్టువాళ్లు కూడా ఒప్పుకునేవారు.

ముప్పై అయిదు దాటాక మిల్లు జట్టు కుర్రవాళ్లను తీసుకుని అతన్ని పంపించేసింది. అప్పుడు ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న నాగువా జట్టు కబురు పెట్టింది. భార్య క్లోటిల్డాతో, రెండు పెట్టెలతో బస్సు దిగాడు. ఆ జట్టును నడిపే ఫాబియో మొన్సియోన్‌కి ఊళ్లో ఇనుప సామాను కొట్టుంది; అందరూ గౌరవంగా 'దోన్' అని పిలిచేవారు. కొట్లోనే మేకుల డబ్బాల మధ్య నిలబడి మాట్లాడాడు.

"ముందే చెప్తున్నా. మా జనం టికెట్ కొనేది బంతి కంచె దాటి ఎగిరిపోతుంటే చూద్దామని. నువ్వు నాలుగు చెడ్డ బంతులు వదిలేసి, షికారుకెళ్లినట్టు మొదటి బేస్‌కి నడుచుకుంటూ పోయావనుకో, కొబ్బరికాయలు పెట్టి కొడతారు."

"కొట్టదగ్గ బంతి వేస్తే కొడతాను, దోన్ ఫాబియో."

"వెయ్యకపోతే?"

"నడుస్తాను. పరిగెత్తి వెళ్లినా, నడిచి వెళ్లినా అదే బేస్ కదండీ."

ఫాబియో పెదవి విరిచాడు. ఈయన వల్ల తన జట్టు బాగుపడుతుందన్న నమ్మకం అతనికి ఆ రోజు లేదు. మొదటి వారాల్లో జనానికీ లేదు. గ్యాలరీ కింద చేపలు వేయించి అమ్మే నికోలాసా గొంతు మైదానమంతా వినిపించేది. "ఏం జడ్జిగారూ, ఈ కేసు కూడా వాయిదానేనా? తీర్పు ఎప్పుడిస్తారు స్వామీ, మేం చచ్చాకా?" జనం పడీపడీ నవ్వేవారు. అతనూ లోపల్లోపల నవ్వుకునేవాడు.

నెల తిరిగేసరికి నవ్వులు తగ్గాయి. అతను నడిచి బేస్ మీద నిలబడ్డాక, వెనక వచ్చే ఒబ్దూలియో బంతిని బాదేవాడు. ఇద్దరూ బేస్‌లన్నీ చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే 'ఇంటికి' వచ్చి పరుగులు తెచ్చేవారు. ఒబ్దూలియో ఎద్దులాంటి మనిషి. ఏ బంతి వచ్చినా ఊపేసేవాడు. అతన్ని జడ్జి పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పిచ్చర్ దేనికి తొందరపడతాడో, ఎవడికి ఎప్పుడు భయం వేస్తుందో చెబుతుండేవాడు. "అన్నా, నీ బుర్ర, నా చేతులు కలిపితే ఒక మనిషవుతాం" అనేవాడు ఒబ్దూలియో. నాగువా గెలవడం మొదలుపెట్టింది. వచ్చే ఏడూ ఉండాలని, జట్టుకి నాయకుడుగా కూడా అతనే ఉండాలని ఫాబియో నోటితో అడిగాడు. క్లోటిల్డా అద్దె ఇంటి కిటికీలకి తెరలు కుట్టింది.

జూలైలో ఒక మధ్యాహ్నం ఎర్ర కుట్లు కనిపించలేదు. తెల్లటి మరక ఒకటి దగ్గరికొచ్చి పెద్దదయింది, అంతే. ఎండ అనుకున్నాడు. మర్నాడు మబ్బుపట్టినా అంతే. ఇంటికొచ్చి కుడి కన్ను మూసి వాకిట్లో నిలబడ్డ క్లోటిల్డాని చూశాడు. జడ కనిపించింది, చీపురు పట్టుకున్న చెయ్యి కనిపించింది. ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు తప్ప ఏమీ లేదు.

పక్క ఊరి డాక్టరు చక్కెర జబ్బని చెప్పాడు. ఎడమ కంటి వెనక రక్తనాళాలు చెడిపోయాయని, కుడి కన్నుకీ రావచ్చని, ఎప్పుడని మాత్రం అడగొద్దని అన్నాడు.

"ఫాబియోకి చెప్పు" అంది క్లోటిల్డా.

"ఈ సీజన్ అయిపోనీ."

"బంతొచ్చి తలకి తగిలిందంటే నీకు అన్నీ ఒకేసారి అయిపోతాయి. నీ తెలివి ఊళ్లోవాళ్లకేనా, మనింటికి రాదా?"

అతను ఫాబియోకి చెప్పలేదు. ఆటా మానలేదు. కన్ను చేసే పని బుర్రతో చేయించాడు. మెలి తిప్పే బంతి వేసే ముందు ఒకడు మోచేయి ఒంటికి ఆనించుకునేవాడు. ఇంకొకడు గట్టిగా విసరబోయే ముందు గాలి పీల్చి బిగబట్టేవాడు. అవన్నీ కుడి కంటితో పట్టుకుని, బంతి ఇక్కడికే వస్తుందని ముందే తీర్మానించి బ్యాట్ తిప్పేవాడు. చాలాసార్లు తగిలేది. "ముసలోడు మంత్రం నేర్చాడ్రా" అనేవారు జట్టులో. అతనికి మాత్రం, ఇల్లు అమ్మేసి ఇంకా ఆ గడపలోనే కూర్చున్నట్టుండేది.

ఆఖరి పోటీ పాత మిల్లు జట్టుతోనే పడింది. ఓడితే నాగువాకి అంతటితో సరి, గెలిస్తే మర్నాడు తేల్చుకునే ఆట. స్కోరు సమానం, చివరి వంతు, మూడు బేస్‌ల మీదా నాగువా మనుషులు. బ్యాట్ పట్టుకుని జడ్జి నిలబడ్డాడు. విసురుతున్నవాడు ఎల్పిదియో, తొమ్మిదేళ్లు తనతో ఒకే గదిలో బట్టలు మార్చుకున్నవాడు. అప్పటికి మూడు చెడ్డ బంతులు, రెండు మంచివి పడ్డాయి. ఇంకో మంచి బంతి కొట్టకుండా వదిలితే జడ్జి అవుట్. చెడ్డదయితే అతను నడుస్తాడు, మూడో బేస్ మీదున్నవాడు ఇంటికొస్తాడు, ఆట నాగువాది.

ఎల్పిదియో ఏ ఆనవాలూ ఇవ్వలేదు. చెయ్యి కదిలింది. ఆ తర్వాత జడ్జికి ఏమీ కనిపించలేదు. వెనక కూర్చుని బంతి పట్టుకునే క్యాచర్ తోలు తొడుగులో టప్పున చప్పుడు వినిపించాక గాని బంతి వచ్చినట్టు తెలియలేదు. బ్యాట్ భుజం మీదే ఉంది. అతను వదిలేయలేదు. వదిలేయడానికి కనిపిస్తే కదా.

అంపైర్ సిల్వేరియో ఒక్క క్షణం ఆగి, "చెడ్డ బంతి!" అన్నాడు.

"నడిమధ్యన పడింది!" అని క్యాచర్ గావుకేక పెట్టాడు.

"జడ్జి కంటే నీకు తెలుసట్రా? నోర్మూసుకో" అన్నాడు సిల్వేరియో.

మైదానం హోరెత్తింది. జడ్జి మొదటి బేస్‌కి నడిచాడు. ఒబ్దూలియో వచ్చి అమాంతం పైకెత్తేశాడు. దింపమని జడ్జి అతని భుజం తట్టాడు.

జనం పోయాక ఫాబియోని పక్కకి తీసుకెళ్లి కన్ను సంగతి చెప్పాడు. ఇందాకటి బంతి తాను చూడనే లేదన్నాడు. ఫాబియో తల దించుకుని బెంచీ మీద కూలబడ్డాడు. తల ఎత్తేసరికి అతని ముఖం మారింది.

"రేపూ సిల్వేరియోనే అంపైర్. నువ్వు కొట్టక్కర్లేదు. ఊరికే నిలబడు, చాలు. మిగతాది నీ పేరు చూసుకుంటుంది."

"ఆ పేరు నా కన్ను సంపాదించింది, దోన్ ఫాబియో. కన్ను లేకుండా పేరు వాడుకుంటే దొంగతనం."

"ఊరంతా ఆశపెట్టుకుంది. నీకు వచ్చే ఏడు కూడా రాసిస్తానన్నానే! అదేమవుతుంది?"

"ఆ మాట అనలేదనే అనుకుంటాను."

"అయితే పో! పోయి నీ మిల్లువాళ్లతో తాగు!" అని ఫాబియో అరిచాడు. తర్వాత అందుకు సిగ్గుపడ్డాడు గాని ఆ రోజు పడలేదు.

మర్నాడు జడ్జి బదులు ఇంకొకడు ఆడాడు. నాగువా ఓడింది. జడ్జి పాత జట్టు దగ్గర లంచం తిని కూర్చున్నాడని సాయంత్రానికల్లా పుకారు లేచింది. బజారులో క్లోటిల్డాకి అరటికాయలు అమ్మనన్నారు. ఆమె ఇంటికొచ్చి తెరలు విప్పి మడతపెట్టింది. నిజం చెప్పి నోళ్లు మూయించమని మొగుడిని అడగలేదు. చెబితే సిల్వేరియో పరువు కూడా బజార్న పడుతుందని ఇద్దరికీ తెలుసు.

ఊరు విడిచే ముందు జడ్జి సిల్వేరియో కొట్టుకెళ్లాడు. ఆయన మామూలు రోజుల్లో మంగలి. ఎవరికో గడ్డం గీస్తున్నాడు. ఆ మనిషి వెళ్లేదాకా ఆగి, జడ్జి ఉన్నదున్నట్టు చెప్పాడు.

సిల్వేరియో కత్తి తుడుస్తూ విన్నాడు.

"నేను చూశాను. నడిమధ్యనే పడింది" అన్నాడు చివరికి. "నువ్వు కదల్లేదు. కదలకపోయేసరికి, నా కన్నే పొరపాటు పడిందనుకున్నాను."

"నాదే తప్పు, సిల్వేరియో. జూలైలోనే చెప్పాల్సింది."

"నీ తప్పు నీది. నా తప్పు నాది. నా కళ్లు బాగానే ఉన్నాయి కదయ్యా." కుర్చీ చూపించాడు. "కూర్చో. గడ్డం మాసింది, ఈ మొహంతో సాన్ పెద్రో వెళ్తావా?"

జడ్జి కూర్చుని మెడ వాల్చాడు. ఆ తర్వాతి వారం సిల్వేరియో ఆ సంగతి తనే మంగలికొట్టులో పదిమందికీ చెప్పేశాడని, ఇక అంపైరుగా నిలబడనన్నాడని సాన్ పెద్రోకి కబురొచ్చింది. ఫాబియో సంతకం పెట్టిన కాగితం పంపాడు, తిరిగి రమ్మని. కొట్టడానికి కాదు, పక్కన కూర్చుని చెప్పడానికి. కుడి కన్ను కూడా మసకబారేదాకా జడ్జి మూడు సీజన్లు ఆ బెంచీ మీద కూర్చున్నాడు. కొట్టేవాళ్లు వచ్చి ఫలానా పిచ్చర్ ఎలాంటివాడని అడిగితే, ముందు వాళ్లు చూసింది చెప్పమనేవాడు. చూడనిది చూశామని చెబితే పట్టేసేవాడు. అప్పుడు మాత్రం గొంతు పెంచేవాడు.