మూగ సినిమాకి మా కోడలి మాటలు

మా మనవరాలు డిగ్రీ అవగానే మధురవాడలో సినిమా డైరెక్షన్ నేర్పే కాలేజీలో చేరతానంది. దాని తండ్రి, అంటే మా అబ్బాయి, పోర్టులో క్రేన్ నడుపుతాడు. రోజంతా అంత ఎత్తున కూర్చుంటాడు కదా, ఇంట్లో కూడా పైనుంచే మాట్లాడతాడు. "ఆడోలికి డైరెక్షనేటే? బుద్దిగా బ్యాంకు పరీచ్చలు రాయి" అన్నాడు.

పిల్ల ఊరుకునే రకం కాదు. వందేళ్ల కిందటే హాలీవుడ్‌లో ఒకావిడ సినిమాలు తీసిందట, ఒక్కటి చూసి అప్పుడు వద్దనమంది. సరేనని ఆదివారం మధ్యాహ్నం, వన్ టౌన్‌లో మా ఇరుకింట్లో, చేపల పులుసు తిన్న చేతులు కడుక్కుని అందరం టీవీ ముందు చేరాం.

బొమ్మ వచ్చింది గానీ సౌండు రాలేదు. మావాడు లేచి వెనక వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. రిమోట్‌ని అరచేత్తో కొట్టాడు. టీవీ నెత్తిన కూడా ఒకటిచ్చాడు.

"నాన్నా, అది మూగ సినిమా. అప్పట్లో మాటల్లేవు."

"మరి ముందు సెప్పవేటే" అని కూలబడ్డాడు.

మాటల్లేకపోతే మాకేం ఇబ్బంది? మా వీధిలో నోరు మూసుకుని సినిమా చూసిన ఆడది లేదు. తెర మీద ఒక మీసాల మొగుడు పేపరు చదువుకుంటూ తింటున్నాడు. పెళ్లాం పక్కన నిలబడుంది. నేను మొగుడి గొంతు అందుకున్నాను. "ఉప్పేదే?"

జవాబు మా కోడలి దగ్గర్నుంచి వచ్చింది. నా తమ్ముడి కూతురే. పెళ్లయిన దగ్గర్నుంచి మావాడి ముందు గొంతు పెంచి ఎరగదు. తెర మీద ఆవిడ పెదాలు కదిలినప్పుడల్లా మా కోడలు మాట అందించడం మొదలెట్టింది.

"ఉప్పు నీ మోసేతి కాడే ఉంది. తలెత్తితే కనిపిత్తాది. ఇన్నేళ్లు వండాను, కూర బాగుందని ఒక్కపాలైనా అన్నావా?"

నేను ఆపేశాను. అది ఆపలేదు. ఇంతలో తెర మీద ఆవిడ మొగుడి ముందున్న కంచం లాగేసుకుని, ఎదురుగా కూర్చుని తానే తినసాగింది.

"అదీ" అంది మా కోడలు. అప్పుడు తెర మీద ఎవరి పెదాలూ కదల్లేదు.

సినిమా అయిపోయాక మావాడు కూతుర్ని అడిగాడు. "కంచం లాగీమని సెప్పింది ఆ డైరెక్టరమ్మేనా?"

"మరెవరు నాన్నా?"

"మగోడు తీసుంటే?"

"ఆడి కంచంలో ఇంకో గరిటె ఏయించీవోడు" అన్నాను నేను.

మావాడు కాసేపు తల గోక్కున్నాడు. "సరే, జేరు. నా మీద సినిమా తీసావంటే మాత్రం ఇంట్లో నీకు అన్నం ఉండదు."

టీవీ అప్పటికే కట్టేశాం.

"వండీది నాను కదా బావా" అంది మా కోడలు.