వడ్డీ లేని ఆరు నెలలు

భద్రాచలం అడవి అంచున మాకు మిగిలిన నాలుగెకరాల మిర్చి ఖమ్మం మార్కెట్లో రైతులకు అప్పులిచ్చి పంట కొనే అడ్తి వ్యాపారికే అమ్మాలి. ఆయన దగ్గర తెచ్చిన అప్పు తీరేదాకా ఆయన చెప్పిందే ధర. ఒకప్పుడు ఆయన తండ్రి అప్పు కోసం మా వాకిట్లో నిలబడేవాడు!

నా బడిపంతులు జీతం చూసి క్రెడిట్ కార్డు బ్యాంకు ఆరు నెలలు వడ్డీ లేకుండా డబ్బిస్తానంది. ఆ డ్రాఫ్టు వ్యాపారి ముందు పడేసి ప్రామిసరీ నోటు చింపించాను.

"అప్పు తీరలే దొరా, ఇల్లు మారింది," అని నవ్వాడు.

బ్యాంకు నెలనెలా కొంత కట్టమని కాగితాలు పంపింది. చిల్లరగా అప్పు తీర్చడం మా వంశంలో నామర్దా. పంట రాగానే మొత్తం ఒకేసారి కడదామని వాటిని పక్కన పడేశాను. రెండో నెలలో బ్యాంకు నుంచి ఫోను.

"కనీస మొత్తం కట్టలేదు సార్. వడ్డీ పడుతుంది."

"ఆరు నెలలన్నరు గదా! గిదేం మాట?"

"షరతుల్లో ఉంది సార్."

అది అడ్తి వడ్డీని మించిపోయింది. దాన్ని వదిలించుకోవడానికి మళ్లీ వ్యాపారి దగ్గరికే వెళ్లాను.

"రాండ్రి దొరా, కూసోండ్రి. మీ కుర్చీ గట్లనే ఉంచిన."

వాడి కుర్చీ నాకెందుకు? నిలబడే కొత్త నోటు మీద సంతకం పెట్టాను. వాడి తండ్రి కూడా మా వాకిట్లో అలాగే నిలబడేవాడని బయటికొచ్చాక తట్టింది. ఒళ్లు మండిపోయింది.