మంకీ క్యాపులో కారం

పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్దామని మొదట అన్నది నేనే. పిల్లల కోసమేనని అందరికీ చెప్పాను, అందరూ నమ్మారు. నా అబద్ధాలు ఊళ్లో బాగా చెల్లుతాయి. ఎందుకంటే వాటిని అందరికన్నా ముందు నేనే నమ్మేస్తాను.

మాది దర్శి దగ్గర ఒక ఊరు. మిరప వేస్తాం. కోతలు మొదలైన దగ్గర్నుంచి ఎండాకాలం దాటేదాకా మా ఇంట్లో కారం అంటని వస్తువు ఉండదు. తలుపు గడియ మీద ఉంటుంది, దుప్పట్లలో ఉంటుంది, పిల్లల పలకా పుస్తకాల మీదా ఉంటుంది. మాకు అలవాటైపోయి ఆ ఘాటు తెలియదు. చుట్టాలెవరైనా గుమ్మంలోకి వచ్చి తుమ్మితే అప్పుడు గుర్తొస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ కారం ఉండేది నా చేతుల్లో. తొడిమలు తీసే పని ఆడవాళ్లది. వరండాలో కాయలు రాశిగా పోసుకుని, ఊళ్లో వాళ్లందరి తొడిమలూ మాటలతో తీస్తూ, చేతులతో కాయల తొడిమలు తీస్తాం. మొదట్లో వేళ్లు చిమచిమలాడతాయి. తర్వాత భగభగమంటాయి. కొబ్బరినూనె రాసుకుంటాం, మజ్జిగలో ముంచుకుంటాం. అవేవీ పనిచేయకపోతే నేను స్టీలు బిందెకి రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడతాను. మా ఆయన చూసి, "బిందెకి దణ్ణం పెట్టుకోవడం అయిందా?" అని అడుగుతారు.

మంట సంగతి సరే, దానికి అలవాటు పడ్డాను. అలవాటు పడలేకపోయింది ఇంకొకదానికి. ఆ రోజుల్లో పిల్లలు నన్ను ముట్టుకోనివ్వరు. ఒకసారి సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాననుకుని మావాడి కంట్లో నలుసు తీయబోయాను. వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఒకటో తరగతి చదివే పిల్లాడికి అక్షరాలు గుర్తుండవు గానీ ఇలాంటివి గుర్తుంటాయి. అప్పట్నుంచి, "నువ్వొద్దు, నాన్న కలిపి పెట్టాలి" అని అన్నం కంచం పట్టుకుని వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోతాడు. పెద్దది జడ వేయించుకోవడానికి పక్కింటికి పోతుంది. నేను దగ్గరికి వెళ్తే ఇద్దరూ మొహాలకి చేతులు అడ్డం పెట్టుకుంటారు. నేను నవ్వేస్తాను. నవ్వుతాను గానీ లోపల ఏడుపొస్తుంది.

అలాంటి రోజుల్లో ఫోనులో ఒక వీడియో చూశాను. హైదరాబాదులో ఏదో మాల్‌లో మంచు పార్కట. గది నిండా మంచు. ఒకావిడ రెండు దోసిళ్లతో మంచు తీసి పైకి విసురుతోంది. నేను ఆవిణ్ణి చూడలేదు, ఆవిడ చేతుల్నే చూశాను. అలాంటి మంచులో ఒక్కసారి మోచేతుల దాకా ముంచితే ఈ మంట మొత్తం లాగేస్తుందనీ, ఆ చల్లటి చేతులతో ఇద్దరు పిల్లల బుగ్గలూ ఒక్కసారి పట్టుకోవచ్చుననీ నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇంట్లో ఫ్రిజ్ లేదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. కానీ ట్రేలో ఐసు ముక్కలకి లొంగే మంట కాదిది, గదంతా మంచు ఉండాల్సిందే. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

మా ఆయనతో ఈ మాట చెప్పలేదు. "పిల్లలకి లోకజ్ఞానం కావాలండీ" అన్నాను. జూ, మ్యూజియం, మెట్రో రైలు అన్నీ ఏకరువు పెట్టి, మంచు పార్కుని మధ్యలో ఎక్కడో, అసలు పట్టనట్టు కలిపేశాను.

"నువ్వెప్పుడు చూశావే హైదరాబాదు?" అన్నారు.

చూశాను. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పెళ్లిళ్లకే. రెండుసార్లూ కల్యాణమండపం గేటు దాటలేదు. అయినా ఫోనులో చూసీ చూసీ, నేను హైదరాబాదు గురించి మాట్లాడుతుంటే అక్కడే పుట్టి పెరిగానని ఎవరైనా అనుకుంటారు.

మా ఆయన అక్కగారు అక్కడే ఉంటారు. వస్తున్నామని ఫోన్ చేస్తే, "ఏమీ తేవద్దమ్మాయ్, కాస్త కారం పట్టుకురా. ఇక్కడి ప్యాకెట్ల కారం నాలుక్కే తగలదు" అన్నారు వదిన. బయల్దేరే ముందు రోజు దాకా కూర్చుని మంచి కాయలు ఏరి, తొడిమలు తీసి, మిల్లులో పట్టించాను. రెండు ప్లాస్టిక్ కవర్లలో పోసి, రబ్బరు బ్యాండు వేసి, బ్యాగులో అడుగున పెట్టాను. దాని మీద పిల్లల స్వెట్టర్లు, మంకీ క్యాపులు సర్దాను. అవి కొనడానికి మండుటెండలో దర్శి బజారంతా తిరిగాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా అమ్మా?" అని జాలిగా అడిగాడు.

"కారానికి వేరే సంచి పెట్టవే" అన్నారు మా ఆయన.

"నాకు తెలుసు లెండి" అన్నాను. బరువైనది అడుగున, తేలికైనవి పైన పెట్టాలని చదువుకోని వాళ్లకి కూడా తెలుసు. నేను డిగ్రీ చదివాను కాబట్టి, బస్సులో ఆ బ్యాగుని అడ్డంగా పడుకోబెడతారన్న సంగతి తట్టలేదు.

వదినగారింట్లో బ్యాగు తెరిచేసరికి కవరు ఒక మూల చిరిగి ఉంది. "కొంచెం ఒలికినట్టుందమ్మాయ్" అంటూనే వదిన వరసగా తుమ్మారు. నేను బ్యాగు అడుగు తడిగుడ్డతో తుడిచి, బట్టలు ఒకసారి వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. "మీకు సిటీ అలవాటైపోయింది వదినా" అని ఆవిడనే తప్పుబట్టాను.

మర్నాడు జూకి వెళ్లాం. రోడ్డు దాటేటప్పుడు మావాడికి చెయ్యి అందించాను. వాడు ఆ చెయ్యి వదిలేసి నా చీర కొంగు పట్టుకున్నాడు. జూలో పులి మావైపు వీపు తిప్పి పడుకుని, మేము వెళ్లేదాకా అలాగే ఉంది. కోతుల దగ్గర మావాడు, "ఇవి మన డాబా మీదికి రోజూ వస్తాయిగా, వీటికి టికెట్ ఎందుకు?" అని గట్టిగా అడిగాడు. పెద్దది మాత్రం ప్రతి బోర్డూ పైకి చదివి, మా చేత తలలూపించి గానీ కదల్లేదు.

మెట్రో స్టేషన్‌లో కదిలే మెట్లు ఎలా ఎక్కాలో పిల్లలకి నేనే క్లాసు తీసుకున్నాను. ముందు కుడికాలు పెట్టాలి, కిందికి చూడకూడదు, భయపడకూడదు. పిల్లలు చక్కగా ఎక్కి పైకి వెళ్లిపోయారు. నేను కుడికాలు గాల్లో పెట్టుకుని అక్కడే ఉండిపోయాను. వెనక ఒక మామ్మగారు, "ఎక్కితే ఎక్కమ్మా, లేకపోతే తప్పుకో" అన్నారు. తప్పుకున్నాను. పక్కనున్న మామూలు మెట్లెక్కి రొప్పుకుంటూ పైకి చేరి, మెట్లెక్కితే ఆరోగ్యానికి మంచిదని పిల్లలకి చెప్పాను.

మ్యూజియంలో ఒక పెద్ద గడియారం ఉంది. గంట అయ్యేసరికి లోపల్నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొడుతుంది. అది చూడటానికి బెంచీల మీద జనం సినిమాకి కూర్చున్నట్టు కూర్చున్నారు. సరిగ్గా బొమ్మ వచ్చే వేళకి మావాడి ముక్కు కారింది. నేను రుమాలు తీశాను. "నువ్వొద్దు!" అని మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న ఇటు తిరిగి తుడిచారు. ఆ గొడవలో నేనూ, ఆయనా ఇద్దరం బొమ్మని చూడలేదు. చుట్టూ చప్పట్లు వినిపించాయి. ఆయన నావైపు ఒకసారి చూసి రుమాలు జేబులో పెట్టుకున్నారు. రేపు మంచు పార్కు ఉందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

మంచు పార్కులో అందరికీ లావాటి కోట్లు, బూట్లు, చేతులకి గ్లవ్స్ ఇచ్చారు. టోపీలు మాత్రం ఎవరివి వాళ్లే పెట్టుకోవచ్చన్నారు. నేను గర్వంగా బ్యాగులోంచి మంకీ క్యాపులు తీసి ఇద్దరికీ తొడిగాను. లోపలికి పంపే అతను, "గ్లవ్స్ తీయకూడదమ్మా. తీస్తే బయటికి పంపించేస్తాం" అన్నాడు.

ఇంత దూరం వచ్చింది ఆ గ్లవ్స్ కోసం కాదు కదా.

లోపల నిజంగానే గదంతా మంచు. పిల్లలు కేకలు పెడుతూ జారుడుబల్ల వైపు పరిగెత్తారు. నేను వంగి మంచు పట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. దుప్పటి కప్పుకుని స్నానం చేసినట్టుంది. మంచుతో కట్టిన చిన్న గుడిసె ఒకటి ఉంటే దాని వెనక్కి వెళ్లి ఒక గ్లవ్ సగం లాగాను. ఎక్కణ్ణుంచో విజిల్ వినిపించింది. "అమ్మా! గ్లవ్స్!"

"ఏంటే చిన్నపిల్లలా!" అన్నారు మా ఆయన. మళ్లీ తొడుక్కున్నాను. ఆ చలిలో కూడా నా వేళ్లు గ్లవ్స్ లోపల మండుతూనే ఉన్నాయి. పోనీలే, పిల్లలు ఆడుకుంటున్నారు కదా అనుకుందామని చూశాను గానీ మనసొప్పలేదు.

అప్పుడు మావాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మొహం మండుతోంది."

"ఎక్కువ చలి వేస్తే అలాగే మండుతుంది నాన్నా. అది సైన్సు" అన్నాను.

వాడు సైన్సు నమ్మి మంకీ క్యాపుతోనే మొహం రుద్దుకున్నాడు. ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఈలోపు పెద్దది కూడా వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, కళ్లలో నీళ్లు. క్యాపు లాగేసి, వాసన చూసి, "అమ్మా, ఇది సైన్సు కాదు, కారం" అంది.

మా ఆయన మావాడి తల మీంచి క్యాపు ఊడబెరికి, కల్లంలో గోతాం దులిపినట్టు రెండుసార్లు గట్టిగా దులిపారు. పక్కనున్న కుటుంబం మొత్తం తుమ్మింది. జారుడుబల్ల మీద నుంచి దిగుతున్న పెద్దమనిషి తుమ్ముతూ దిగాడు. విజిల్ అతను మావైపు వస్తూ నోట్లో విజిల్ పెట్టుకున్నాడు గానీ తుమ్ము అడ్డం వచ్చి ఊదలేకపోయాడు. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పరువంతా ఆ మంచులో కలిసిపోయింది.

అవేవీ నాకు పట్టలేదు. గ్లవ్స్ రెండూ లాగి పారేసి, దోసిలి నిండా మంచు తీసి మావాడి మొహం దగ్గరికి తెచ్చాను. వాడు అలవాటుగా చేతులు అడ్డం పెట్టాడు. "నువ్వొద్దు!" అన్నాడు. నాకూ భయమే వేసింది. నా చేతులు తగిలి ఇంకా మండితే? మా ఆయన తీద్దామంటే ఆ లావు గ్లవ్స్‌తో ఆయనకి మంచు చేతికి రావడం లేదు. ఏమైతే అయిందని వాడి చేతులు పక్కకి తోసి, మంచుతో పాటు అరచేతులు రెండూ బుగ్గలకి అదిమాను.

ఏడుపు ఆగింది. వాడు కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. మంచు కరిగి నా మోచేతుల దాకా కారింది. చేతులు తీయబోతే, "ఇంకా పెట్టు" అన్నాడు. మళ్లీ మంచు తీశాను, మళ్లీ పెట్టాను. పెద్దది వచ్చి, తన మొహం కూడా నా ముందు పెట్టి నిలబడింది. ఒక చెయ్యి వాడికీ, ఒక చెయ్యి దానికీ ఇచ్చాను. విజిల్ అతను కళ్లు తుడుచుకుంటూ, "ఇక బయటికి రండమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం.

బయట బెంచీ మీద కూర్చున్నాక గుర్తొచ్చింది, లోపల ఉన్నంతసేపూ నా చేతులు మండలేదని. ఏ చల్లదనం కోసం అంత దూరం వెళ్లానో అది నాకు దొరికింది. దొరికినప్పుడు చూసుకోవడమే మర్చిపోయాను.

మా ఆయన మజ్జిగ ప్యాకెట్లు కొనుక్కొచ్చి, రుమాలు తడిపి మావాడి మొహం తుడవబోయారు. వాడు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. "నువ్వొద్దు. అమ్మ పెట్టాలి."

నేను తుడిచాను. కళ్లు సరిగ్గా కనిపించక కొంత మజ్జిగ వాడి చెవిలోకి పోయింది. అయినా వాడు మొహం తిప్పుకోలేదు.

కానీ నా వేళ్లలో వేడి మళ్లీ మొదలైంది. మంచు మంటని లాగేస్తుందన్న నా సిద్ధాంతం మాల్ గేటు దాకా కూడా నిలవలేదు. వాడికి తెలిస్తే మళ్లీ కొంగే పట్టుకుంటాడేమోనని, నీళ్లు తాగే నెపంతో కూలింగ్ వాటర్ బాటిల్ ఒకటి కొన్నాను. మూత తీయకుండా రెండు చేతులతో దాన్ని పట్టుకుని, వాడు అడిగినప్పుడల్లా చెయ్యి తీసి బుగ్గ మీద పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఇంకొక చల్లటి బాటిల్ కొనుక్కుని ఊరికి బస్సెక్కాం. మావాడు నా ఒళ్లో పడుకుని, నా అరచెయ్యి తీసుకుని బుగ్గ కింద పెట్టుకుని నిద్రపోయాడు. రెండో చేతిలో బాటిల్ పట్టుకున్నాను. కాసేపటికొకసారి వాడి నిద్ర చెడకుండా చేతులు మార్చుకుంటూ కూర్చున్నాను. మిర్యాలగూడ దాటేసరికి బాటిల్ వెచ్చబడింది.

"అది తాగుతావా, పెంచుకుంటావా?" అన్నారు మా ఆయన.

"దాహం లేదండీ" అన్నాను.

ఆయన నా వేళ్ల వైపు చూశారు. పిల్లాడి బుగ్గ వైపు చూశారు. పిడుగురాళ్ల బస్టాండులో బస్సు ఆగితే దిగి వెళ్లి, బయట నీటిచుక్కలు కారుతున్న బాటిల్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇది తాగొద్దు, పట్టుకో" అన్నారు.